ఆక్టోపస్‌ని ఇంట్లో పెంచొచ్చా? ఒకసారి పెంచినవాడిగా నా సమాధానం

మీరు అడిగింది ఇదీ: పదేళ్ళ మీ అబ్బాయి వీడియోలు చూసి ఆక్టోపస్ కావాలని పట్టుబట్టాడు. హైదరాబాద్‌లో మీరు వెళ్ళిన షాపులో "వారంలో తెప్పిస్తాను సార్, మూడడుగుల ట్యాంకు చాలు, కావాలంటే సీహార్స్ జత కూడా ఇస్తాను" అన్నారు. అసలు పెంచగలమా, పెంచగలిగినా అది తప్పు కాదా అని మీ అనుమానం.

నేను విశాఖలో పద్దెనిమిదేళ్ళుగా ఉప్పునీటి ట్యాంకులు కట్టి, మెయింటైన్ చేసే పనిలో ఉన్నాను. ఇళ్ళు, హోటళ్ళు, రెండు మూడు క్లినిక్‌లు నా చేతిలో ఉన్నాయి. పెంచగలమా అంటే, కష్టపడితే పెంచగలరు. నా దగ్గర ఒక ఆక్టోపస్ తొమ్మిది నెలలు బతికింది. మళ్ళీ తెస్తావా అంటే మాత్రం తేను. ఆ కథ చెప్తాను గానీ, ముందు సీహార్స్ సంగతి తేల్చేద్దాం. అందులో పెద్దగా ఆలోచించడానికి ఏమీ లేదు.

సీహార్స్‌ని ఇంట్లో పెట్టుకోవడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లోకి దాన్ని 2001లో చేర్చారు. పులి, ఏనుగు ఉన్న జాబితా అది. పట్టుబడితే మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా జైలు, 2022 సవరణ తర్వాత కనీసం 25 వేల జరిమానా. గట్టి పగడాలు, సముద్రపు దోసకాయలు కూడా ఇదే చట్టం కింద ఉన్నాయి. కాబట్టి షాపువాళ్ళు "లైవ్ రాక్" అని అంటగట్టే పగడపు రాళ్ళ విషయంలో కూడా జాగ్రత్త. "అందరూ అమ్ముతున్నారు కదా" అంటారు. అమ్ముతున్నారు, నిజమే. కేసు పడేది మాత్రం ఎవరింట్లో దొరికితే వాళ్ళ మీద.

చట్టం లేకపోయినా నేను వద్దనే చెప్పేవాణ్ణి. సీహార్స్‌కి పొట్ట ఉండదు. నోట్లో పళ్ళూ ఉండవు. సన్నటి గొట్టం లాంటి మూతితో చిన్న చిన్న రొయ్య పిల్లల్ని పీల్చి మింగుతుంది, అది నేరుగా పేగులోకి పోతుంది. తిన్నది నిలవ ఉండే చోటే లేదు కాబట్టి రోజంతా తింటూనే ఉండాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గింజలు చల్లే ఇంట్లో అది కడుపు మాడి చస్తుంది. అదీ ఒక్కరోజులో కాదు, మూడు నాలుగు వారాలు తీసుకుంటుంది. ఈదుతూనే ఉంటుంది కాబట్టి బాగానే ఉందనుకుంటాం.

ఇక ఆక్టోపస్. ఇది మన చట్టం జాబితాలో లేదు. హార్బర్‌లో కిలోల లెక్కన తూకం వేసి, ఐసులో పెట్టి ఎగుమతికి పంపే సరుకు. నాది కూడా అక్కడినుంచే వచ్చింది. తెలిసిన బోటు సరంగు ఒకాయన తెల్లవారుజామున ఫోన్ చేసి "వలలో ఒకటి బతికి వచ్చింది, కావాలా" అన్నాడు. మూత పెట్టిన పెయింటు డబ్బాలో, సముద్రం నీళ్ళల్లో తెచ్చుకున్నాను. విప్పితే చేతులతో కలిపి మూరెడు ఉంటుందేమో. ఆ మూరెడు ప్రాణి డబ్బా గోడకి అంటుకుని, ఒక కన్ను మాత్రం పైకి తిప్పి నన్ను చూసింది. అప్పటికి నేను వేలకొద్దీ చేపల్ని చేతులు మార్చినవాణ్ణి. ఒక్క చేపా నన్ను అలా చూడలేదు.

నాలుగడుగుల ట్యాంకు, కింద నీళ్ళు వడకట్టే ఫిల్టర్ తొట్టి (సంప్ అంటాం), పైన క్లిప్పులున్న యాక్రిలిక్ మూత. అన్నీ సరిచూసుకున్నాననుకున్నాను. మర్నాడు పొద్దున ట్యాంకు ఖాళీ. ఇల్లంతా, మంచాల కింద, బట్టల బుట్టలో కూడా వెతికాం. చివరికి సంప్‌లో దొరికింది, మురికి పట్టే ఫిల్టర్ గుడ్డ సంచిలో ముడుచుకుని. ఓవర్‌ఫ్లో పైపులోంచి దిగిపోయిందన్నమాట. ఆక్టోపస్ ఒంట్లో ఎముక లేదు. గట్టిగా ఉండేది చిలక ముక్కు లాంటి నోరు ఒక్కటే. అది పట్టే సందు ఉంటే మిగతా ఒళ్ళంతా పట్టినట్టే. న్యూజిలాండ్‌లోని నేపియర్ ఊళ్ళో జాతీయ అక్వేరియం నుంచి ఇంకీ అనే ఆక్టోపస్ తప్పించుకుపోయిన వార్త 2016లో ప్రపంచమంతా చదివింది. మూత కొంచెం తెరిచి ఉంటే బయటికొచ్చి, నేలమీద పాక్కుంటూ పోయి, దాదాపు 50 మీటర్ల డ్రైనేజీ పైపులోంచి నేరుగా సముద్రంలోకి వెళ్ళిపోయింది. అక్కడ పైపు చివర సముద్రం ఉంది. మీ అపార్ట్‌మెంట్‌లో పైపు చివర ఏముంటుందో మీకు తెలుసు.

నెల తిరిగేసరికి అది నన్ను గుర్తుపట్టేది. నేను దగ్గరికి వెళ్తే రాయి వెనకనుంచి వచ్చి, పైకి తేలి ఒక చెయ్యి బయట పెట్టేది. వేలు ఇస్తే ఆ చేతి కింది గిన్నెలు ఒక్కొక్కటిగా అంటుకునేవి. ఆ గిన్నెలకి రుచి కూడా తెలుస్తుంది, అంటే పట్టుకుంటూనే నన్ను రుచి చూస్తోందన్నమాట. గాజు తోమే మా కుర్రాడు వెళ్తే మాత్రం మొహం మీద నీళ్ళు చిమ్మేది. వాడు "సార్, దీనికి నా మీద కక్ష" అనేవాడు. నేను నవ్వి ఊరుకున్నాను. తర్వాత తెలిసింది, సియాటిల్ అక్వేరియంలో దీన్ని పరీక్షే చేశారని. ఒకే రకం యూనిఫాం వేసుకున్న ఇద్దరిలో ఒకరు రోజూ తిండి పెట్టారు, ఇంకొకరు ముళ్ళ బ్రష్షు లాంటి కర్రతో పొడిచారు. రెండు వారాలయ్యేసరికి ఆక్టోపస్‌లు తిండి పెట్టిన మనిషి దగ్గరికి రావడం, పొడిచిన మనిషి నుంచి దూరం పోవడం మొదలుపెట్టాయి. 2010లో ఆ వివరాలు అచ్చయ్యాయి. మా కుర్రాడు చెప్పింది నిజమే.

దానికి దాదాపు 50 కోట్ల నాడీకణాలు ఉంటాయి. అందులో మూడింట రెండు వంతులు చేతుల్లోనే. మూడు గుండెలు, నీలి రక్తం. ఇవన్నీ మీ బాబుకి ఇప్పటికే తెలిసి ఉంటాయి, ఈ కాలం పిల్లలు మనకే చెప్తారు. వీడియోల్లో కనిపించనిది ఒకటుంది. అది ఖాళీగా ఉండలేదు.

సీసాలో పీతని పెట్టి మూత బిగించి ఇచ్చాను. మొదటిసారి చాలాసేపు తంటాలు పడింది. పదో రోజుకి నేను చెయ్యి తీసేలోపే మూత తిరిగిపోతోంది. సీసా మార్చాను, మూత మీద మూత పెట్టాను, పీవీసీ పైపు ముక్కలతో చిక్కుముడి కట్టాను. దేనికైనా నాలుగైదు రోజులే. మూడో నెలనుంచి కొత్త పని చూపెట్టకపోతే సాయంత్రాలు ట్యాంకు నాలుగు మూలలూ వరసగా తడుముకుంటూ తిరిగేది. అదే మూల, అదే చెయ్యి, మళ్ళీ మొదటి మూల. జర్మనీలోని కోబర్గ్‌లో ఒక ఆక్టోపస్ 2008లో తన మీద వెలుగుతున్న లైటు మీదికి నీళ్ళు చిమ్మి షార్ట్ సర్క్యూట్ చేస్తే జనం నవ్వుకున్నారు. నాకూ నవ్వొచ్చేదే, ఆ నాలుగు మూలల నడక చూడకపోయుంటే.

ఏడో నెల దాటాక అది బయటికి రావడం మానేసింది. దాని కోసం పెట్టిన మట్టి పిడతలో దూరి, మూతికి అడ్డంగా రాళ్ళు లాక్కుంది. టార్చి వేసి చూస్తే లోపల పైకప్పు నిండా బియ్యపు గింజల కన్నా చిన్న గుడ్లు, పోగులు పోగులుగా వేలాడుతున్నాయి. సముద్రంలో ఉన్నప్పుడే జతకట్టి వచ్చిందన్నమాట, ఆడది ఆ బీజాన్ని నెలల తరబడి దాచుకోగలదు. అప్పటినుంచి తిండి లేదు. పీతని పిడత ముందు వదిలితే నెట్టేసేది. పగలూ రాత్రీ గుడ్ల మీద నీళ్ళు ఊదుతూ, చేతి కొసలతో ఒక్కొక్క పోగూ దువ్వుతూ కూర్చుంది. ఒళ్ళు రంగు పోయి బూడిదలా అయింది. ఐదు వారాల తర్వాత ఒక పొద్దున లైటు వేస్తే నీళ్ళల్లో దుమ్ము లేచినట్టు వందల పిల్లలు. చూస్తుండగానే సగం ఓవర్‌ఫ్లోలో పడి పంపులోకి పోయాయి. మిగతావి రెండో రోజుకి లేవు. అంత చిన్న ప్రాణులు సముద్రంలో వారాల తరబడి తేలుతూ వేటాడి తింటాయి, ఆ తిండి ఇంట్లో ఇవ్వడం నా వల్ల కాలేదు. తల్లి ఆ వారంలోనే పోయింది.

దాని చావుకి నన్ను నేను తిట్టుకోలేదు. ఆ జాతుల్లో చాలావాటి ఆయుష్షే ఏడాది రెండేళ్ళు, గుడ్లు పొదిగాక తల్లి పోవడం వాటి ఒంట్లోనే రాసి ఉంది. 1977లో జెరోమ్ వొడిన్‌స్కీ అనే శాస్త్రవేత్త గుడ్లు పెట్టిన ఆక్టోపస్‌ల కళ్ళ దగ్గరి ఒక గ్రంథిని తీసేస్తే, అవి గుడ్లు వదిలేసి మళ్ళీ తినడం మొదలుపెట్టి, ఇంకా కొంతకాలం బతికాయి. అంటే ఆకలి చంపే స్విచ్ ఆ గ్రంథిలోనే ఉంది. నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వనిది చావు కాదు, ఆ నాలుగు మూలలు. మా వ్యాపారంలో అందరం "ఎన్నాళ్ళు బతికింది" అనే ఒకే కొలత వాడతాం. తొమ్మిది నెలలంటే తోటివాళ్ళు శభాష్ అన్నారు. దానికున్న కొద్దిపాటి జీవితంలో ఎక్కువ భాగం అది ఏంచేస్తూ గడిపిందన్నది ఎవరూ అడగలేదు, నన్ను నేను కూడా అప్పుడు ప్రశ్నించుకోలేదు.

అందుకని ఇప్పుడు ఎవరైనా వింత ప్రాణి కావాలని వస్తే నేను అడిగేది వేరు. అది సముద్రంలో రోజంతా ఏం చేస్తుంది? ఆ పనిలో ఎంత భాగం ఈ గాజుపెట్టెలో చేయగలదు? ఎక్కడినుంచి, ఎలా పట్టి తెచ్చారు?

క్లౌన్ ఫిష్‌నే తీసుకోండి, షాపుల్లో నీమో అంటారు. అది సముద్రంలోనూ ఒక్క అనిమోన్‌ని (పువ్వులా కనిపించే సముద్రజీవి) పట్టుకుని, దాని చుట్టూ మీటరో రెండు మీటర్లో దాటకుండా బతుకు వెళ్ళదీస్తుంది. ఇంట్లో ఇచ్చిన మేత తింటుంది. గుంపులో పెద్దది ఆడది, అది పోతే తర్వాతి మగది ఆడదిగా మారుతుంది, ఇంతకన్నా వింత ఏం కావాలి పిల్లలకి? కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వాళ్ళు దీన్ని హేచరీలో పిల్లలు చేయించే పద్ధతి ఎప్పుడో సాధించారు. హేచరీలో పుట్టిన జత అడిగి కొనండి, చక్కగా చూసుకుంటే మీవాడు కాలేజీకి వెళ్ళేదాకా ఉంటుంది.

అదే షాపులో పక్క ట్యాంకులో మాండరిన్ చేప ఉంటుంది, పట్టుచీర అంచులా మెరుస్తూ. చూస్తే ఎవరికైనా అదే నచ్చుతుంది. అది తినేది రాళ్ళ మీది కంటికి ఆనని కోపెపాడ్ పురుగుల్ని, పొద్దస్తమానం ఏరుకుంటూ. కొత్త ట్యాంకులో అవి ఉండవు. మేత వేస్తే వాసన కూడా చూడదు చాలాసార్లు. నేను సర్వీసుకి వెళ్ళిన ఇళ్ళల్లో డొక్కలు లోపలికి పోయిన మాండరిన్‌లు ఎన్ని చూశానో లెక్క లేదు, యజమానులేమో "ఎంత చురుగ్గా వెతుకుతోందో" అని మురిసిపోతుంటారు. దానికి తోడు, ఫిలిప్పీన్స్ వైపు పగడాల మధ్య చేపల్ని పట్టడానికి 1960ల నుంచి సయనైడ్ వాడకం ఉంది. సీసాతో చిమ్మితే చేప మత్తెక్కి చేతికొస్తుంది, పక్కనున్న పగడం చస్తుంది. ఆ చేప కొన్నాళ్ళకి కారణం తెలియకుండా పోతుంది. "మీ నీళ్ళు బాగోలేవు సార్" అని షాపువాడు ఇంకోటి అమ్ముతాడు.

"మరి పెద్ద పెద్ద అక్వేరియంలు పెడుతున్నాయి కదా" అంటారు. డబ్బు, స్థలం ఉన్నా కొన్ని లొంగవు. కాలిఫోర్నియాలోని మాంటెరే బే అక్వేరియం 2004లో ఒక పిల్ల గ్రేట్ వైట్ సొరచేపని తెచ్చి 198 రోజులు ఉంచి, సముద్రంలో వదిలింది. తర్వాత ఇంకొన్ని తెచ్చి, 2011 తర్వాత ఆ పనే మానుకుంది. 2016లో జపాన్‌లోని ఒకినావాలో పెద్ద గ్రేట్ వైట్‌ని పెడితే మూడో రోజుకే చచ్చిపోయింది. ఆగకుండా ఈదితేనే ఊపిరాడే జీవికి గోడ అంటే ఏమిటో అర్థం కాదు. సన్‌ఫిష్ అని ఇంకోటుంది, మోలా మోలా, తోక తెగిపోయి తల మాత్రమే ఈదుతున్నట్టుంటుంది. అది గోడలకి గుద్దుకుని గాయపడుతుందని జపాన్‌లో ట్యాంకు లోపల వల తెరలు కడతారు. షిమొనొసెకి ఊళ్ళో అక్వేరియం 2024 డిసెంబర్‌లో రిపేర్ల కోసం మూసేస్తే అక్కడి సన్‌ఫిష్ తిండి మానేసింది. జనం లేక బెంగ పెట్టుకుందేమోనని సిబ్బంది యూనిఫాంలు వేలాడదీసి, మనుషుల మొహాల బొమ్మలు అంటించారు. మర్నాటికి కోలుకున్నట్టు కనిపించిందట. ఆ ఫొటో చూసి అందరూ ముద్దుగా ఉందన్నారు. నాకు మాత్రం ఆ అట్టమొహాల వైపు తిరిగి ఉన్న చేప చాలారోజులు కళ్ళల్లో మెదిలింది.

అలాగని అక్వేరియంలన్నీ మూసేయాలనే వాదన నాది కాదు. గోరంత ఉండే పిగ్మీ సీహార్స్ అనేది ఒకటుందని మనుషులకి తెలిసిందే ఒక అక్వేరియం వల్ల. 1969లో న్యూ కలెడోనియాలో నూమియా అక్వేరియం కోసం తెచ్చిన సీ ఫ్యాన్ (విసనకర్ర లాంటి పగడం) మీద అది అంటుకుని దొరికింది. సియాటిల్ వాళ్ళు పసిఫిక్ జెయింట్ ఆక్టోపస్‌ని కొన్నాళ్ళు చూపించి, జతకట్టే వయసుకి అదే సముద్రంలో వదిలేస్తారు. ఆ పద్ధతికి నేను దండం పెడతాను. మీరు దాన్ని అనుకరించలేరు. హైదరాబాద్ నుంచి సముద్రం ఆమడ దూరంలో లేదు. పైగా వేరే దేశాల చేపలతో కలిసి ఉన్నదాన్ని తెచ్చి మన తీరంలో వదలకూడదు, జబ్బులు అంటుతాయి. అమెరికాలో ఎవరో అలా వదిలిన లయన్ ఫిష్ అట్లాంటిక్ తీరమంతా పాకి అక్కడి చేపల్ని ఊడ్చేస్తోంది.

ఇక్కడ ఒకాయన తప్పకుండా అడుగుతాడు: "వేపుడు చేసుకు తినొచ్చు గానీ పెంచకూడదా?" న్యాయమైన ప్రశ్నే. బ్రిటన్ 2022 చట్టంలో ఆక్టోపస్, పీత, రొయ్య లాంటి వాటిని నొప్పి తెలిసిన జీవులుగా చేర్చింది. అమెరికాలో వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2024లో ఆక్టోపస్ ఫారాలే వద్దని చట్టం చేశాయి. తినడం మీద ఎవరి లెక్క వారిది. పూట బాధ, నెలల తరబడి విసుగు ఒకటి కాదని మాత్రం నేను అంటాను. నేనైతే ఆ పిడత తర్వాత తినడం కూడా మానేశాను, మా ఆవిడ ఇప్పటికీ వెక్కిరిస్తుంది.

ఇంత చెప్పినా ఆక్టోపస్‌ని పెంచుతామంటే, షాపతను చెప్పని సంగతులు ఇవి. మూడడుగుల ట్యాంకు చాలదు. దాని విసర్జన చేపల కన్నా చాలా ఎక్కువ, అమ్మోనియా ఒక్క రాత్రిలో పెరుగుతుంది కాబట్టి ట్యాంకు ముందే రెండు మూడు నెలలు నడిపి ఉండాలి. హైదరాబాద్ ఎండాకాలంలో నీళ్ళు చల్లబరిచే చిల్లర్ లేకపోతే నీళ్ళు ఉడుకుతాయి, కరెంటు పోతే గంటలో గాలి సమస్య. రోజు విడిచి రోజు బతికున్న పీతలు కావాలి, అవి కూకట్‌పల్లిలో ఎవరిస్తారు? ఎప్పుడో చేపల జబ్బుకి రాగి మందు వాడిన ట్యాంకైతే అది చాలు దాన్ని చంపడానికి. ఇంకో మాట, ఒంటి మీద నీలి ఉంగరాలున్న చిన్న ఆక్టోపస్‌ని ఎవరైనా "స్పెషల్" అని చూపిస్తే బాబుని పక్కకి లాగేయండి. దాని కాటు నొప్పి కూడా తెలియదు, ఊపిరి ఆపేస్తుంది, విరుగుడు మందు లేదు.

మీ అబ్బాయికి నేనైతే వేరేది ఇస్తాను. సెలవుల్లో విశాఖ తీసుకురండి. పున్నమికో అమావాస్యకో దగ్గర్లో ఆటు బాగా లాగినప్పుడు రుషికొండ, తెన్నేటి పార్కు, యారాడ వైపు రాళ్ళ మధ్య గుంటలు తేలతాయి. ఈస్ట్ కోస్ట్ కన్జర్వేషన్ టీమ్ వాళ్ళు ఇక్కడ జనాన్ని తీసుకెళ్ళి చూపిస్తుంటారు, ముందే కనుక్కోండి. అనిమోన్‌లు, సన్యాసి పీతలు, రంగురంగుల సీ స్లగ్‌లు (గుల్ల లేని సముద్రపు నత్తలు) మోకాలి లోతు నీళ్ళల్లోనే కనిపిస్తాయి. అదృష్టం ఉంటే ఒక రాయి రంగు మార్చుకుని పక్కకి జరుగుతుంది. అది ఆక్టోపస్. నేను వెళ్ళిన నాలుగైదు సార్లకి ఒకసారి కనిపించింది. మీవాడు కనీసం అరగంట అక్కణ్ణుంచి కదలడు, పందెం.

ఆటు సమయం ఫోన్లో టైడ్ పట్టిక చూసి, గంట ముందే చేరుకోండి, పోటు తిరగగానే బయటికి వచ్చేయండి. ఏ రాయినైనా తిప్పి చూస్తే, పైవైపు పైకే ఉండేలా మళ్ళీ అలాగే పెట్టించండి, లేకపోతే కింద ఉన్నవి ఎండకి చస్తాయి. బకెట్టూ వలా తేవద్దు. హవాయి చెప్పులు కాకుండా పట్టు ఉన్న బూట్లు వేయించండి, ఆ నాచు మీద నేనే రెండుసార్లు పడ్డాను.